తడి లేని మనిషి

పోయిన నెలలో కాళ్లు లాగుతున్నాయన్నానని మా మనవరాలు నన్ను నరసరావుపేటలో ఒక ల్యాబుకు తీసుకెళ్లి రక్తం ఇప్పించింది. సాయంత్రానికి కాగితం వచ్చింది. కౌంటరు దగ్గరున్న పిల్ల వేలు పెట్టి చదువుతూ, "పొటాషియం బాగానే ఉంది అమ్మమ్మా, ఏం భయం లేదు" అంది. ఆ పిల్లకది కాగితం మీద ఒక వరస. నేను ఆ మాట మొదటిసారి విన్నది గుంటూరు ఆసుపత్రిలో, ఒక మనిషి మెడ కూడా ఎత్తలేక పడుకుని ఉన్నప్పుడు. ఆ ఒక్క మాట చెవిన పడడానికి ఆవిడకు పన్నెండేళ్లు పట్టింది. అప్పటిదాకా ఊరు ఊరికే కూర్చోలేదు. ఆవిడ జబ్బుకు తనకు తోచిన పేర్లన్నీ పెట్టింది. బద్ధకమంది, నటన అంది, గాలి సోకిందంది, చివరికి పొగరని కూడా అంది.

ఆవిడ అసలు పేరు ఇక్కడ రాయను. తన పేరు ఏ కాగితం మీద కనబడినా "ఇప్పుడు దేనికి సంజాయిషీ ఇచ్చుకోవాల?" అని అడిగే మనిషి. పిల్లలు పెద్ద టీచరమ్మ అనేవాళ్లు. నేనూ అలాగే అంటాను.

సాగర్ డ్యాము సగం లేచిన రోజులు. మాచర్లలో బస్సెక్కి వెల్దుర్తి వైపు పోయి, దారిలో దిగి రెండు మైళ్లు నడిస్తే ఆ పల్లె. అక్కడి మగవాళ్లు చాలామంది నాపరాళ్ల క్వారీలో కూలికి పోయేవాళ్లు. క్రైస్తవ మిషను వాళ్ల ఎలిమెంటరీ బడికి గోడలు నాపరాయి, కప్పు నాపరాయి, పిల్లలు కూర్చునే నేల కూడా నాపరాయే. ఎండాకాలం ఆ గదిలో రొట్టెలు కాల్చుకోవచ్చు. ట్రైనింగు పూర్తి చేసి, ఇరవయ్యేళ్ల వయసులో, ట్రంకుపెట్టె కూలివాడి నెత్తిన పెట్టించుకుని నేను ఆ బడికి రెండో టీచరుగా వెళ్లాను. మొదటి టీచరు బడిలో లేదు. పక్కనే మిషను వాళ్ల ఇంట్లో నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది.

నమస్కారం పెట్టాను. ఆవిడ కదల్లేదు. ఎర్రటి కళ్లు మాత్రం నావైపు తిప్పింది.

"లేవలేదని ఏమనుకోమాక. నాకు మర్యాద తెలుసు. కాళ్లకే తెలవదు."

"జ్వరమా అండీ?"

"జొరమైతే బాగుండు, పేరున్న రోగం. ఇది మొన్న రాత్రి దాకా లేదు, ఎల్లుండికి ఉండదు. ఆ చెంబు తీసుకుని నా నోట్లో రెండు గుక్కలు పొయ్యి. చావబోయేవాళ్లకు పోసినట్టు బిక్కుబిక్కుమంటా పొయ్యమాక. ఇంకా టైముంది."

ఆ చెంబు గురించి చెప్పాలి. మూత మర తిప్పితే బిగుసుకునే మరచెంబు. ఆవిడ ఎక్కడుంటే అదక్కడ ఉండేది. రెండు వాక్యాలు మాట్లాడితే ఒక గుక్క తాగాలి. నోట్లో ఉమ్మి ఊరేది కాదు. నాలుక ఎండాకాలం రేగడి చేనులా నెర్రెలు వాసి ఉండేది. ముప్పయ్యైదేళ్లకే పళ్లు నల్లబడి, పెళ్లలు పెళ్లలుగా రాలిపోయి, ముందువరసలో నాలుగో ఐదో మిగిలాయి. పెళ్లెందుకు చేసుకోలేదని కొత్తగా ఎవరైనా అడిగితే, "చూడ్డానికొచ్చినోడి ముందు నవ్వాను. వాడు ఇంకా పరిగెత్తతానే ఉన్నాడు" అనేది.

జొన్నరొట్టె ఆవిడకు శత్రువు. మజ్జిగలో నానబెట్టి గుజ్జు చేసుకుంటే తప్ప దిగేది కాదు. మిషను మేనేజరు గారికి నెలనెలా ఉత్తరం రాసి కవరు అంటించాల్సి వచ్చినప్పుడు, ఆ కవరు పైకెత్తి పట్టుకుని, "ఉమ్మి ఉన్నోళ్లు ఒకళ్లు ఇట్టా రండి" అని పిలిచేది. మూడో తరగతి పిల్లలు ఆ ఉద్యోగం కోసం కొట్టుకునేవాళ్లు. ఏడాదికి రెండుసార్లు చెవుల కింద దవడలు గవదబిళ్లలు వచ్చినట్టు వాచేవి. కళ్లల్లో ఎప్పుడూ ఇసక పోసినట్టు ఉంటుందనేది. పొద్దున్నే తడిగుడ్డతో రెప్పలు నానబెట్టుకుని తెరుచుకోవడం నేను రోజూ చూసేదాన్ని.

వీటన్నిటినీ ఆవిడ వేర్వేరు కష్టాలనుకుంది. మేమూ అంతే అనుకున్నాం. వీటి వెనక ఉన్నది ఒకటే జబ్బని అనుకోవడానికి మాలో చదువుకున్నవాళ్లెవరూ లేరు. చదువుకున్నామనుకునేవాళ్లం ఇద్దరం ఉన్నాం.

అసలు కష్టం కాళ్లది. బాగున్నన్నాళ్లు బాగానే తిరిగేది. ఉన్నట్టుండి ఒక తెల్లవారుజామున తొడలు బరువెక్కేవి. మధ్యాహ్నానికి లేచి నిలబడలేదు. మర్నాటికి చేతులు కూడా పైకి లేవవు. మూడో రోజో నాలుగో రోజో దానంతటదే వదిలేది. పండగ భోజనం తిన్న మర్నాడు ఎక్కువగా వచ్చేది. "నేను కడుపునిండా తింటే ఓర్వలేనోళ్లు పైన కూడా ఉన్నారు" అనేది.

కాళ్లు పడిపోయిన రోజున సెలవు పెడుతుందనుకున్నాను. నేనొచ్చిన రెండో రోజు పొద్దున క్వారీకి పోయే నలుగురు మనుషులు వచ్చి, మంచాన్ని నాలుగు కోళ్లూ పట్టుకుని ఆవిడతో సహా లేపి, బడిలో నల్లబల్ల పక్కన దించిపోయారు. సాయంత్రం మళ్లీ వచ్చి ఇంట్లో దించారు. వాళ్లకది అలవాటే. ఆవిడకూ అలవాటే.

"నలుగురు మోస్తన్నారు చూడు. అందరికీ ఒకసారే పట్టే భోగం. నాకు నెలకోసారి" అని నాతో అంది.

మంచం మీద పడుకునే ఆవిడ ఎక్కాలు చెప్పించేది. చెయ్యి లేవదు కాబట్టి నల్లబల్ల మీద రాయడానికి నన్నో ఐదో తరగతి పిల్లనో వాడుకునేది. పిల్లలు నిశ్శబ్దంగా ఉండేవాళ్లు, ఎందుకంటే గొంతు చాలా చిన్నగా వచ్చేది. అరిచే టీచరు మాట వినకపోయినా గడుస్తుంది. గొణిగే టీచరు మాట వినకపోతే పాఠమే పోతుంది.

అలాంటి రోజునే ఒకసారి డిప్యూటీ ఇన్స్పెక్టరు గారు చెప్పకుండా వచ్చాడు. గుమ్మంలో నిలబడి మంచాన్ని చూశాడు, మంచం మీది మనిషిని చూశాడు, మళ్లీ మంచాన్ని చూశాడు.

"ఏంటమ్మా, మీరు పడుకుని పాఠం చెబుతున్నారా?"

"పిల్లలు పడుకోకుండా చూస్తన్నా గదండీ."

ఆయన ఒక పిల్లవాణ్ణి లేపి పదిహేడో ఎక్కం అడిగాడు. వాడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇంకో పిల్లను భాగహారం అడిగాడు. చేసింది. మూడో పిల్లను లేపబోయి మానుకున్నాడు. తనిఖీ పుస్తకం తీసి చాలాసేపు రాశాడు. ఆయన పోయాక తీసి చూస్తే, పిల్లల చదువు గురించి ఒక్క ముక్క లేదు. "తరగతి గదిలో మంచము ఉన్నది. తొలగించవలెను" అని ఉంది.

"చదువుకున్నోడే. ఉన్నది ఉన్నట్టు రాశాడు" అంది ఆవిడ.

ఊళ్లో వైద్యాలు కూడా తక్కువేం జరగలేదు. ఆవిడ తల్లి చాదస్తపు మనిషి, కూతురంటే ప్రాణం. ఒకవైపు ప్రార్థన వాళ్లను పిలిచి నూనె రాయించేది, ఇంకోవైపు ఎవరికీ తెలియకుండా పక్కూరి నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించేది. ఒక సాయంత్రం ఇద్దరూ ఒకేసారి వచ్చారు. గుమ్మం దగ్గర ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు. ఆవిడ మంచం మీద నుంచే, "నా ఒంట్లో ఉన్నది ఏ మతం దయ్యమో ముందు తేల్చుకోండయ్యా. తేలిందాకా అమ్మ మజ్జిగిస్తది, తాగుతా కూచోండి" అంది. ఇద్దరూ కూర్చుని మజ్జిగ తాగి వెళ్లారు.

ఒకసారి నడుములో నొప్పి పుట్టి, మెలికలు తిరిగి, రెండు రోజుల తర్వాత మూత్రంలో కందిగింజంత రాయి పడింది. దాన్ని కడిగి అగ్గిపెట్టెలో పెట్టుకుంది. చూడ్డానికొచ్చిన వాళ్లకు తెరిచి చూపించేది. "పల్నాడులో ఎక్కడ తవ్వినా రాయే గదా. నన్ను తవ్వినా రాయే. క్వారీ కాంట్రాక్టరుకు చెప్పమాకండి." ఆ తర్వాత ఇంకో మూడు పడ్డాయి. ఆ అగ్గిపెట్టెను కూడా ఎవరూ కాళ్లతో కలిపి చూడలేదు.

నేను వెళ్లిన మూడో ఏడు ఆవిడ తల్లి చనిపోయింది. పొద్దున లేచి పొయ్యి ముట్టించి, గోడకానుకుని కూర్చుని, అలాగే పోయింది. ఊరి ఆడవాళ్లంతా వచ్చారు. చావింట్లో ఆడవాళ్లు ఏడవడానికి ఎంత వస్తారో, ఎవరు ఏడుస్తున్నారో చూడడానికీ అంతే వస్తారు. పెద్ద టీచరమ్మ తల్లి తల దగ్గర కూర్చుని ఉంది. నోరు తెరిచి, శ్వాస లోపలికి లాగుతూ, భుజాలు అదురుతూ. చెంపల మీద మాత్రం ఒక్క చుక్క లేదు. కళ్లు నిప్పుకణికల్లా ఉన్నాయి.

నా వెనక ఒకావిడ పక్కావిడతో అంది, వినపడేటట్టే. "కన్నతల్లి పోతే కంట తడి లేదు చూడు. అదేం గుండె తల్లీ."

ఆవిడ విన్నది. నన్ను చేత్తో దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది. "ఆ చెంబులో నీళ్లు కాసిని నా మొహాన చల్లు. చూసి తృప్తిగా ఇళ్లకు పోతారు."

నేను ఆవిడ మొహం తుడుస్తున్నట్టుగా తడిచేత్తో రాశాను. రెప్పల మీద నీళ్లు నిలబడ్డాయి. వెనకావిడ "ఇప్పుడు ఏడ్చింది పాపం" అని పక్కావిడకు చెప్పింది. ఆ తడిచేతిని ఆవిడ వదల్లేదు. వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. అప్పటికి ఆ చేతుల్లో అంత బలం ఉందని నాకు తెలియదు.  

తల్లి పోయాక నేను ఆవిడ ఇంట్లోకి మారాను. వారం తిరక్కుండా మిషను మేనేజరు గారు పరామర్శకు వచ్చారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే సాయంత్రం బస్సు తప్పిపోయేది. ఆ రోజు మాత్రం చిన్న ప్రార్థన చేసి, నన్ను బడి వెనక్కు పిలిచారు.

"ఇన్స్పెక్టరు గారు మంచం గురించి రాశారమ్మాయ్. ఇట్లా ఎంతకాలం? ఈ ఏడాది ఆవిడ ఎన్ని రోజులు పడుకుందో ఒక కాగితం మీద రాసివ్వు. ఎవరికీ చూపించను. నీది ఇంకా టెంపరరీ పోస్టే గదా?"

చివరి రెండు వాక్యాలకూ ఏం సంబంధమో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. నేను హాజరు పుస్తకం ముందేసుకుని, గుర్తున్నవి గుర్తుచేసుకుని, తేదీలతో సహా రాసిచ్చాను. మొత్తం పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజులూ ఆవిడ బడిలోనే ఉందని, పాఠం చెప్పిందని రాయలేదు. అడగలేదు కదా. "దేవుడు నిన్ను దీవిస్తాడు" అన్నారాయన. ఆ నెలాఖరుకే నా పోస్టు పర్మనెంటు అయింది. దేవుడు అంత తొందరగా పనిచేయడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆ శీతాకాలంలో మిషను వాళ్ల గుళ్లో, అంటే చర్చిలో, కోతల పండగ జరిగింది. తల్లి పోయిన ఇల్లని జాలిపడి ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. మాంసం పులావు, బెల్లం పరమాన్నం, మళ్లీ పులావు. మర్నాడు పొద్దున్నే నేను లేచి చూస్తే ఆవిడ మంచం మీద కళ్లు తెరిచి ఉంది. కాళ్లూ చేతులే కాదు, ఈసారి మెడ కూడా లేవడం లేదు. నీళ్లు పోస్తే గుటక పడక పక్కకు కారిపోయాయి. క్వారీ మనుషులు పరిగెత్తుకొచ్చి, బండిలో వేసి రోడ్డెక్కించారు. వాళ్లలో ఇద్దరు ఆ రోజు కూలి మానుకుని మాతోపాటు మాచర్ల దాకా వచ్చారు.

మాచర్లలో ఒక ప్రైవేటు డాక్టరుండేవాడు. ఆయన పేరు అక్కర్లేదు, ఆయన చేసిన పని ఆ రోజుల్లో ఎవరైనా చేసేదే. గ్లూకోజు పెట్టాడు. అప్పట్లో గ్లూకోజు సీసా అంటే మామూలు గౌరవం కాదు. ఇంట్లో మనిషికి సీసా ఎక్కించారని చెప్పుకోవడానికి జనం రోగాలు కోరుకునేవాళ్లు. మాతో వచ్చిన క్వారీ మనిషి దాన్ని చూడగానే చేతులు జోడించాడు. ఒక సీసా అయింది. ఆవిడ గొంతు సన్నబడింది. రెండో సీసా పెట్టారు. మాట గుసగుస అయింది. రాత్రి అక్కడే ఉంచారు. తెల్లవారేసరికి ఒక్కో ముక్కకు ఊపిరి తీసుకుంటోంది.

డాక్టరు వచ్చి చూసి, "నీరసం తగ్గలేదు. ఇంకో సీసా ఎక్కిద్దాం" అన్నాడు.

ఆవిడ నావైపు చూసింది. వంగి చెవి పెట్టాను.

"ఆ సీసాను... నేను తాగటంలా. అదే... నన్ను తాగతంది. పీకించు."

నేను డాక్టరుతో చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. "ఇది హిస్టీరియా. పెళ్లికాని ఆడవాళ్లకు వస్తుంది. వైద్యం నేను చేయాలా, మీరు చేస్తారా?" అన్నాడు. నేను అంతకుముందు ఎవరికీ ఎదురు చెప్పిన మనిషిని కాదు. అందుకు సాక్ష్యం మేనేజరు గారి ఫైల్లో ఉంది. ఆ రోజు మాత్రం ఎందుకో, "మీరు పీకకపోతే నేను పీకుతానండీ" అన్నాను. ఆయనే పీకించాడు. క్వారీ మనుషులిద్దరూ ఆవిడను దుప్పటిలో వేసుకుని స్టేషనుకు మోశారు.

గుంటూరు పోయే పొద్దుటి ప్యాసింజరు. పెట్టెలో జనాన్ని జరిపి కింద పడుకోబెట్టాం. నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి. ప్రతి స్టేషనులోనూ ఆగేది, స్టేషను లేనిచోట కూడా ఆగేది. నేను ఆవిడ ఛాతీ మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. లేస్తోందా, లేదా. దారంతా నాకు వేరే ఆలోచన లేదు, ఒక్కటి తప్ప. ఆ పద్దెనిమిది రోజుల కాగితం. ఈ మనిషి ఇక్కడ, ఈ రైల్లో పోతే, నా మనసులో చివరకు మిగిలేది ఆ కాగితమేనని తెలుస్తూ ఉంది. ఎదుటి బెంచీ మీద ఒకతను "పక్షవాతమా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ పెదాలు కదిలాయి. "పక్షం కాదు... మొత్తం" అంది. నాకొక్కదానికే వినపడింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో మమ్మల్ని మొదట చూసింది ఒక కుర్ర డాక్టరు. అతనికి ఇంకా మీసాలు సరిగా రాలేదు. అతను ఆవిడ మీదికి వంగి, "ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టమ్మా. ఎంతదాకా వస్తుందో చూద్దాం" అన్నాడు. ఆరు దాకా వచ్చింది. పల్లెలో సగం మందికి లెక్కలు నేర్పిన మనిషి ఆరు దగ్గర ఆగిపోయింది.

అతను గుండె పరీక్ష కాగితం తీయించాడు. దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసి, పెద్ద డాక్టరును పిలుచుకొచ్చాడు. రక్తం తీసుకెళ్లారు. ఆ రక్తాన్ని మంటలో పెట్టి, మంట రంగును బట్టి కొలిచే మిషను ఉందట. గంట తర్వాత పెద్ద డాక్టరు వచ్చి అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. నోరు ఎండుతుందా? పళ్లు ఎప్పటినుంచి రాలుతున్నాయి? మూత్రంలో రాళ్లు పడ్డాయా? ఆఖరికి అడిగాడు. "ఏమ్మా, ఏడిస్తే కన్నీళ్లు వస్తాయా?"

ఆ ప్రశ్న అడగాల్సినట్టు అడిగినవాడు పన్నెండేళ్లలో ఆయనొక్కడే. ఆవిడ కళ్లు మూసుకుంది. రావని నేను చెప్పాను.

"పొటాషియం" అన్నాడాయన కుర్ర డాక్టరుతో. "ఒంట్లో ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. గ్లూకోజు ఎవరు పెట్టారో గాని, ఇంకో సీసా పెట్టి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు."

కల్లుప్పును కాల్చి కలిపినట్టుండే ఒక మందు నీళ్లు చెంచాతో చుక్కచుక్కగా గొంతులోకి దించారు. చేతికి కూడా ఏదో ఎక్కించారు, ఈసారి గ్లూకోజు లేకుండా. కుర్ర డాక్టరు మంచం పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడింటికి కుడిచేతి వేళ్లు కదిలాయి. సాయంత్రానికి ఊపిరిలో పదకొండు దాకా వచ్చింది, మర్నాటికి ఇరవై దాటింది. అతను చాలన్నా ఆవిడ ఆపలేదు.

మాట స్థిరపడ్డాక పెద్ద డాక్టరు అన్నీ విడమరిచి చెప్పాడు. మనల్ని రోగాల నుంచి కాపాడడానికి ఒంట్లో ఒక కాపలా ఉంటుందట. అది ఆవిడ విషయంలో దారితప్పి, సొంత ఒంటి మీదే పడిందట. ముందు కన్నీళ్లు ఊరే చోటు, ఉమ్మి ఊరే చోటు ఎండగొట్టింది. తర్వాత కిడ్నీల మీద పడింది.

"పల్నాడు రక్తం గదండీ" అంది ఆవిడ. "బయట శత్రువు దొరక్కపోతే అన్నదమ్ములే నరుక్కుంటారు."

ఆయన నవ్వి ఇంకా చెప్పాడు. పొటాషియం అనేది కండలు కదలడానికి, గుండె కొట్టుకోవడానికి కావలసిన ఉప్పు లాంటిది. పాడైన కిడ్నీలు దాన్ని నిలుపుకోలేక మూత్రంలో పోనిస్తున్నాయి. బయటికి పంపాల్సిన పులుపును మాత్రం లోపలే ఉంచుకుంటున్నాయి. రాళ్లు పడేది అందుకే. పండగ భోజనం, గ్లూకోజు లాంటివి పడితే రక్తంలో మిగిలిన కాస్త పొటాషియం కూడా పోయి కండల్లో దాక్కుంటుంది. కాళ్లు పడిపోయేది అప్పుడే.

"అర్థమైందండీ. ఉంచాల్సినోళ్లను పంపేస్తయ్యి, పంపాల్సినోళ్లను పెట్టుకుంటయ్యి. మా మేనేజరు గారి లాంటి కిడ్నీలు."

జబ్బు పేరు అడిగితే ఎవరో పరదేశపు కళ్ల డాక్టరు పేరు చెప్పాడు. మా ఇద్దరికీ నోరు తిరగలేదు. "నా కంట్లో నీళ్లు పోతే ఆయన పేరెందుకు పెట్టారు?" అని అడిగింది.  జబ్బు పోదని, మందు నీళ్లూ వంటసోడా జీవితాంతం తాగాలని, తాగితే కాళ్లు పడిపోవని, కిడ్నీలు మాత్రం ఎన్నాళ్లుంటాయో చెప్పలేనని చెప్పి, ఒక సర్టిఫికెట్టు రాసిచ్చాడు.

ఆ సర్టిఫికెట్టు పట్టుకుని ఆవిడ ఊళ్లోకి నడిచి వచ్చింది. రోడ్డు నుంచి రెండు మైళ్లూ నడిచింది, బండి ఎక్కలేదు. నటన కాదని తేలింది కదా, ఇక గొడవ ఉండదనుకున్నాను నేను. మేనేజరు గారు వచ్చి, బల్ల ముందు కూర్చుని, సర్టిఫికెట్టు రెండుసార్లు చదివారు.

"జబ్బు నిజమేనన్నమాట. జీవితాంతం ఉండేదేనన్నమాట. అయితే ఇక ఉద్యోగం ఎలా చేస్తారమ్మా? ఈ ఏడాది ఇప్పటికే పద్దెనిమిది రోజులు పడుకున్నారని మా దగ్గర వివరం ఉంది."

నేను నేల మీది నాపరాళ్ల అతుకులు చూస్తూ నిలబడ్డాను. ఆవిడ నావైపు తిరగలేదు.

"రోగానికి పేరు లేనప్పుడు దొంగనన్నారు. పేరొచ్చినాక పనికిరానన్నారు. మధ్యలో ఒక్కరోజన్నా టీచర్ని ఉన్నానాండీ?" అంది. గుక్కెడు నీళ్లు తాగింది. "ఆ రోజు సంగతి కూడా ఆ వివరంలో రాయించండి."

ఆయన బాధపడ్డారు. బాధపడుతూనే ఆరోగ్య కారణాల మీద ఆవిడను తీసేశారు. పెద్ద టీచరు పోస్టు నాకిచ్చారు. మిషను ఇల్లు కూడా పోస్టుతోపాటే నాకొచ్చింది. ఇల్లు ఖాళీ చేయడానికి ఆవిడకు నెల గడువు ఇచ్చారు. క్వారీ మనుషులు వారం తీసుకున్నారు. ఆదివారం కూడా పనిచేసి, పగిలిన నాపరాళ్లు ఏరుకొచ్చి, బడి గోడకు ఆనించి ఒక గది కట్టి ఆవిడను అందులో దించారు. బడి గోడకే ఎందుకు ఆనించారని మేనేజరు గారు అడిగితే, "ఒక గోడ కలిసొస్తది గదయ్యా" అన్నారు.

ఆ తర్వాత ఐదేళ్లు నేను చెప్పిన పాఠాలన్నీ ఆ గోడకు అవతల నుంచి ఒక మనిషి విన్నది. నేను భాగహారం చేయిస్తుంటే "శేషం చూడవే" అని వినపడేది. పద్యం తప్పు చదివితే ఒక దగ్గు. పిల్లలు నా మొహం చూసి కాదు, గోడవైపు చూసి జవాబు చెప్పేవాళ్లు. జీతం లేని ఇన్స్పెక్టరు. నెలకోసారి నేను గుంటూరు పోయి మందు సీసాలు తెచ్చేదాన్ని. ఆ మందు రుచికి తాగిన ప్రతిసారీ మొహం చిట్లించి, "ఇదీ పేరున్న రోగం సుఖం" అనేది. మందు మానలేదు కాబట్టి కాళ్లు మళ్లీ పడిపోలేదు. కిడ్నీలు మాత్రం డాక్టరు భయపడినట్టే నెమ్మదిగా చేతులెత్తేశాయి. ఐదో ఏడు కాళ్లు నీరుపట్టాయి. మొహం ఉబ్బింది. అన్నం చూస్తే వికారం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, బడికి సెలవులివ్వబోయే ముందు, నిద్రలోనే పోయింది. పిల్లలకు సెలవు చెప్పి వచ్చేసరికి అయిపోయింది. క్వారీ మనుషులు ఆ రోజు పనికి పోలేదు.

పోవడానికి పది రోజుల ముందు, పొద్దున బడికి వెళ్లబోతూ మందు పోద్దామని ఆ గదిలోకి వెళ్లాను. తాగాక గ్లాసు ఇవ్వకుండా పట్టుకుని కూర్చుంది.

"ఒకటి అడగాలనుకుంటన్నా. ఆ కాగితంలో పద్దెనిమిది రోజులని రాశావే. నేను పడుకుంది ఇరవై రెండు."

నేను మందు సీసా మూత బిగించాను.

"నాలుగు రోజులు జాలిపడి తగ్గించావా, లెక్క రాకనా?"

"జాలిపడే" అన్నాను.

"అబద్ధం. ఆ నాలుగు రోజులు నువ్వు మీ అక్క పెళ్లికి నరసరావుపేట పోయావు. ఊళ్లో లేవు."

"ఎప్పటినుంచి తెలుసు?"

"ఆయన పద్దెనిమిదన్నప్పుడే. నువ్వు లేని రోజులు పోను పద్దెనిమిది. ఇంకెవరు రాస్తారు?"

ఐదేళ్లు ఎందుకు అడగలేదని అడిగాను. 

"అడిగితే నువ్వు ఏడుస్తావు. ఏడిస్తే నేను ఓదార్చాల. అంత ఓపిక నాకు యాడిదే? పైగా నువ్వు మొహం చాటేస్తే నెలనెలా గుంటూరు పోయి సీసా తెచ్చేదెవరు?" గ్లాసు నా చేతికిచ్చింది. "మంచి మనిషినేం కాదు నేను. నీతో అవసరం ఉండింది. సరే, పో, గంట కొట్టే టైమైంది."

నేను వెళ్లి గంట కొట్టాను.